తలనీలాలిచ్చిన పది నెలలకు: వేడి పెట్టకుండా జుట్టును అమర్చుకోవడం ఎలా?

ప్రశ్న: మాది విజయవాడ. మా బాబు ఆరోగ్యం కోసం మొక్కుకున్న మొక్కు తీర్చుకోవడానికి పది నెలల క్రితం తిరుమలలో తలనీలాలు సమర్పించాను. ఇప్పుడు పక్కల జుట్టు చెవులు దాటింది కానీ, నడినెత్తి మీద ఉబ్బెత్తుగా లేచి, చెంపల దగ్గర బయటికి తిరిగి, మెడ మీద తోకలా వేలాడుతోంది. ఒకప్పుడు సాఫుగా ఉండే జుట్టు ఇప్పుడు వంకీలు తిరుగుతోంది. రెండు నెలలుగా రోజూ పొద్దున స్ట్రెయిట్‌నర్ వాడి ఆఫీసుకు వెళ్తున్నాను. చివళ్ళు గరుకెక్కి తెగిపోతున్నాయి. పైగా స్కూటీ మీద హెల్మెట్ పెట్టుకుని వెళ్ళేసరికి చేసిందంతా చెడిపోతుంది. బాయ్ కట్ చేయించుకోమని కొందరు, స్మూతెనింగ్ చేయించుకోమని మరికొందరు చెబుతున్నారు. ఇంకో నాలుగు నెలల్లో మా ఆడపడుచు పెళ్ళి. వేడి పెట్టకుండా ఈ జుట్టును ఎలా అమర్చుకోవాలి? పెళ్ళినాటికి జడ వేసుకోగలనా?

సమాధానం: బాబ్ కట్ చేయించుకుని మళ్ళీ పెంచుకునేవారి ఇబ్బంది వేరు, మీ ఇబ్బంది వేరు. కల్యాణకట్టలో కత్తి పెట్టిన రోజున మీ తల మీది ప్రతి వెంట్రుకా చర్మం దగ్గర నుంచే మళ్ళీ బయలుదేరింది. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు, కొందరిలో ఇంకాస్త ఎక్కువ పెరుగుతుంది కాబట్టి మీ తలంతా ఇప్పుడు నాలుగు నుంచి అయిదు అంగుళాల జుట్టు ఉండి ఉంటుంది. నడినెత్తి మీద పుట్టిన నాలుగంగుళాల వెంట్రుక చెవి పైభాగం దాకా కూడా రాదు. మెడ దగ్గర పుట్టిన నాలుగంగుళాల వెంట్రుక మాత్రం భుజాల వైపు దిగిపోతుంది. అందువల్ల పొడవు అంతటా సమానంగా ఉన్నా చూసేవారి కంటికి పైన పొట్టిగా, కింద పొడుగ్గా, పక్కల గొడుగులా కనిపిస్తుంది. ఇది మీ జుట్టులోని లోపం కాదు. గుండ్రని తల మీద ఒకే పొడవు జుట్టు ఉంటే ఎవరికైనా వచ్చే ఆకారమే ఇది.

వంకీల సంగతికి వస్తే, గుండు చేయించుకుంటే జుట్టు స్వభావం మారిపోతుందనీ, ఒత్తుగా మొలుస్తుందనీ మన ఇళ్ళలో చెప్పుకునే మాటలో నిజం లేదు. కత్తి చర్మం పైన ఉన్న వెంట్రుకను మాత్రమే కోస్తుంది. లోపలి కుదుళ్ళ సంఖ్యా మారదు, వాటి ఆకారమూ మారదు. మీ జుట్టులో మొదటి నుంచీ కొద్దిపాటి వంకీ ఉండే ఉంటుంది, కాకపోతే నడుము దాకా ఉన్న జడ బరువుకు అది సాగి సాఫుగా కనిపించేది. ఇప్పుడు ఆ బరువు లేదు కనుక వంకీ బయటపడింది. జుట్టు పెరిగే కొద్దీ ఇది చాలావరకు దానంతటదే తగ్గుతుంది.

ఇక స్ట్రెయిట్‌నర్. ఆ పరికరాలు చాలావరకు 180 నుంచి 230 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతాయి. పొడవాటి జుట్టు ఉన్నవారు వాడితే దెబ్బతిన్న చివళ్ళను రెండంగుళాలు కత్తిరించినా ఇంకా బోలెడు మిగులుతుంది. మీకు ఉన్నదే నాలుగంగుళాలు. ప్రతిరోజూ అదే నాలుగంగుళాలు ఆ పలకల మధ్య నలుగుతున్నాయి. అందులోనూ తడి పూర్తిగా ఆరకముందే వాడితే వెంట్రుక లోపలి నీరు ఆవిరై, లోపలే బుడగలు ఏర్పడి, ఆ చోటున వెంట్రుక పుటుక్కున తెగుతుంది. పొద్దున హడావిడిలో తలస్నానం చేసి, సగం ఆరిన జుట్టుకే స్ట్రెయిట్‌నర్ పెట్టే అలవాటు మీకు ఉంటే ఆ గరుకుదనానికి కారణం అదే కావచ్చు. చీలిన చివరను తిరిగి అతికించే నూనె గానీ, సీరమ్ గానీ లేదు; అది కత్తిరించుకోవలసిందే.

స్మూతెనింగ్ మాత్రం ఇప్పుడు వద్దు. వెంట్రుక లోపలి గట్టి బంధాలను రసాయనంతో తెంచి, సాఫుగా చేసి, మళ్ళీ బిగించే పద్ధతిలో ఆ రోజు ఉన్న జుట్టే మారుతుంది, తరువాత కుదురు నుంచి వచ్చేది పాత వంకీతోనే వస్తుంది. నాలుగు నెలల తరువాత, సరిగ్గా పెళ్ళి సమయానికి, మీ తల మీద సుమారు ఒకటిన్నర అంగుళం వంకీ జుట్టు, దాని కింద నాలుగంగుళాల సాఫు జుట్టు ఉంటాయి. ఈ పొడవులో అది దాచినా దాగదు. కెరాటిన్ ట్రీట్‌మెంట్ పేరుతో చేసేవాటిలో కొన్ని, వేడి తగిలినప్పుడు ఫార్మాల్డిహైడ్ వాయువును విడుదల చేస్తాయి కూడా. చంటిబిడ్డ ఉన్న ఇంటివారు ఆ సంగతి కూడా ఆలోచించాలి.

బాయ్ కట్ సలహాను పూర్తిగా కొట్టిపారేయను. అందులో సగం మంచిదే, ఆ సగాన్నే తీసుకోండి. నడినెత్తి మీదా చెంపల దగ్గరా కత్తెర తగలనివ్వకుండా, మెడ వెనక జుట్టును మాత్రమే రెండు నెలలకొకసారి పొట్టిగా కత్తిరించుకోండి. పై జుట్టు కిందికి దిగివచ్చే దాకా మెడ దగ్గరి జుట్టును ఆపి ఉంచడమే దీని ఉద్దేశం. పార్లర్‌లో కూర్చోగానే "చివళ్ళు కాస్త ట్రిమ్ చేయండి" అని ఊరుకుంటే వారు తలంతా అరంగుళం తీసేస్తారు, మీ పది నెలల ఓపికలో ఓ నెల పైగా పోతుంది. అద్దంలో చూపిస్తూ, చెవి వెనక నుంచి చెవి వెనక దాకా వేలితో గీత గీసి, దాని కింద మాత్రమే కత్తెర పెట్టమని చెప్పండి. పల్చన చేసే పళ్ళ కత్తెర అసలు వాడవద్దని కూడా చెప్పండి. ఆ కత్తెరతో తీసిన పొట్టి వెంట్రుకలు మూడు నాలుగు వారాల్లో ముళ్ళలా నిలబడి, ఇప్పుడున్న ఉబ్బును ఇంకా పెంచుతాయి. స్ట్రెయిట్‌నర్ వల్ల మరీ పాడైన చివళ్ళు ఉంటే ఈ మొదటిసారి మాత్రం అక్కడక్కడా పావు అంగుళం పోనివ్వక తప్పదు.

ఇప్పుడు అసలు విషయం. వెంట్రుకకు రోజువారీ ఆకారాన్ని ఇచ్చే బంధాలు కొన్ని నీటితో విడిపోతాయి, ఆరినప్పుడు మళ్ళీ కుదురుకుంటాయి. గంజి పెట్టిన చీర ఏ మడతలో ఆరితే ఆ మడతలోనే బిగుసుకున్నట్టు, జుట్టు కూడా ఏ భంగిమలో ఆరితే ఆ భంగిమలో నిలుస్తుంది. వేడి లేకుండా చేసే అలంకరణ మొత్తం ఈ ఒక్క గుణం మీదే ఆధారపడి ఉంది. మీరు పొద్దున తలస్నానం చేసి తడి జుట్టు మీద హెల్మెట్ పెట్టుకుంటే, హెల్మెట్ లోపల ఎలా నలిగిందో అలాగే ఆరుతుంది. తరువాత దువ్వెనతో ఎంత దువ్వినా లొంగదు. కాబట్టి మీరు ముందుగా మార్చుకోవలసింది తలస్నానం వేళ. దాన్ని సాయంత్రానికి మార్చండి, ఆఫీసు నుంచి రాగానే చేసేయండి. నిద్రకు ముందు జుట్టు ఆరడానికి కనీసం రెండు గంటల వ్యవధి ఉండాలి, ఎందుకంటే తడి తలతో పడుకుంటే మాడు మీద దురద, చుండ్రు పెరగవచ్చు.

తలస్నానానికి ముందు కొబ్బరినూనె రాసుకోవడం మంచి అలవాటే. కొబ్బరినూనెకు వెంట్రుక లోపలికి ఇంకే గుణం ఉందనీ, కడిగేటప్పుడు పోయే ప్రొటీన్‌ను అది తగ్గిస్తుందనీ, మినరల్ ఆయిల్‌కూ పొద్దుతిరుగుడు నూనెకూ ఆ గుణం కనబడలేదనీ 2003లో మన దేశ పరిశోధకులు ప్రచురించారు. అయితే గంట ముందు రాసి కడిగేసుకోవాలి. జుట్టు అమర్చుకున్నాక పైన నూనె రాస్తే ఈ పొట్టి జుట్టు పాయలు పాయలుగా విడిపోయి మాడు కనిపిస్తుంది. నూనె వల్ల జుట్టు త్వరగా పెరుగుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. కుంకుడుకాయలు వాడేవారైతే, దాని వల్ల జుట్టు కొంచెం బిరుసెక్కి ఇంకా ఉబ్బుతుంది కాబట్టి, ఈ కొన్ని నెలలు తేలికైన షాంపూ, ఆ తరువాత చివళ్ళకు మాత్రమే కండిషనర్ వాడి చూడండి. సంప్రదాయానికి ఏమీ లోటు రాదు, జుట్టు పెరిగాక మళ్ళీ కుంకుళ్ళకు వెళ్ళవచ్చు.

స్నానం కాగానే టర్కీ టవల్‌తో రుద్దవద్దు. తడిసిన వెంట్రుక మామూలు కంటే ఎక్కువ సాగుతుంది, బలహీనంగా ఉంటుంది. ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు పంచె ముక్కతోనో, మీ వారి పాత బనియన్‌తోనో అదిమి నీరు తీయండి. నీరు కారడం ఆగి, జుట్టు ఇంకా బాగా తడిగా ఉన్నప్పుడే పెద్దపళ్ళ దువ్వెనతో చిక్కు తీసి, పక్క పాపిడి తీయండి. మీకు ఇన్నాళ్ళూ నడిమి పాపిడి అలవాటై ఉండవచ్చు, కానీ ఈ పొడవులో నడిమి పాపిడి తీస్తే రెండు పక్కలా గొడుగు సమానంగా విచ్చుకుంటుంది. పక్క పాపిడి తీస్తే ఒక వైపు ఎక్కువ జుట్టు చేరి దాని బరువుకే అది అణిగి ఉంటుంది, రెండవ వైపు జుట్టును చెవి వెనక్కి నెట్టుకోవచ్చు. నడినెత్తి మీద సుడి ఎటు తిరుగుతుందో ఇంట్లో ఎవరినైనా చూడమని, ఆ తిరుగుడుకు ఎదురు వెళ్ళకుండా పాపిడి తీసుకోండి. పైన లేచి నిలబడే ఉబ్బులో సగం సుడికి ఎదురు దువ్వడం వల్ల వచ్చేదే.

జుట్టు సాఫుగా అణగడానికి నేను చెప్పే పద్ధతి తల చుట్టూ దువ్వి కట్టడం. ఈ పద్ధతిలో తలే అచ్చులా పనిచేస్తుంది. పాపిడిలో ఎక్కువ జుట్టు ఉన్న వైపు నుంచి మొదలుపెట్టి, నుదుటి మీద నుంచి పక్కకు, పక్క నుంచి పెడతలకు, పెడతల నుంచి రెండవ పక్కకు, జుట్టంతా తలను చుట్టి వచ్చేలా ఒకే దిశలో దువ్వండి. ఒక చేత్తో దువ్వుతుంటే రెండవ అరచెయ్యి దువ్వెన వెనకే జుట్టును అదుముతూ రావాలి. చెయ్యి తీస్తే పాయ లేస్తుంది. పొడవు చాలక అక్కడక్కడా చివళ్ళు విడిపోతుంటే పొడవాటి పిన్నులు అడ్డంగా పెట్టి ఆపండి. తరువాత ఫ్యాను కింద కూర్చోండి. జుట్టు సగం ఆరాక పిన్నులు తీసి, అదే పద్ధతిలో ఎదురు దిశలో దువ్వి మళ్ళీ పెట్టండి. ఒకే దిశలో ఆరితే తెల్లవారి జుట్టంతా ఒక పక్కకే ఒరిగిపోయి ఉంటుంది. దాదాపు పూర్తిగా ఆరాక శాటిన్ గుడ్డ గానీ, పాత పట్టుచీర జాకెట్టు ముక్క గానీ నుదుటి మీది నుంచి వెనక్కి కట్టుకుని పడుకోండి. నూలు గుడ్డ రాత్రంతా జుట్టును రాసి గరుకు చేస్తుంది, జారే గుడ్డ అయితే ఆ బాధ ఉండదు.

వంకీని అణచడం కన్నా దాన్నే అందంగా మలచుకోవాలనిపించిన రోజున చెంపల దగ్గరి జుట్టుకు మరో పద్ధతి ఉంది. అంగుళం వెడల్పు పాయను తీసి, కొస నుంచి కుదురు దాకా వేలి చుట్టూ చుట్టి, వేలు తీసి, ఆ చుట్టను రూపాయి బిళ్ళలా తలకు ఆనించి రెండు పిన్నులు ఒకదానికొకటి అడ్డంగా దిగ్గొట్టండి. చుట్టను ముఖం వైపు కాక వెనక్కి తిప్పాలి. ముఖం వైపు తిప్పితే విప్పిన తరువాత ఆ పాయ బుగ్గ మీదకి వచ్చి కూర్చుంటుంది. చుట్ట నిలబడకుండా తలకు పడుకుని ఉండాలి, నిలబడితే కుదుళ్ళ దగ్గర మళ్ళీ ఉబ్బు వస్తుంది. ఒక్కొక్క చెంపకు మూడు నాలుగు చుట్టలు చాలు. పూర్తిగా ఆరే దాకా విప్పవద్దు. కొంచెం చెమ్మ ఉన్నా విప్పిన అరగంటలో ఆకారం పోతుంది.

ఈ రెండింటికీ పట్టు రావడానికి అవిసె గింజల జెల్ బాగా పనికివస్తుంది. ఒక గ్లాసు నీటిలో రెండు పెద్ద చెంచాల అవిసె గింజలు వేసి సన్నని మంట మీద కలుపుతూ మరిగిస్తే, కాసేపటికి గరిటె నుంచి నీరు తీగలా జారుతుంది. కోడిగుడ్డు తెల్లసొనలా అయ్యిందనిపించగానే దించి, వేడివేడిగానే పల్చని గుడ్డలో వడకట్టాలి. చల్లారనిస్తే గట్టిపడిపోయి గుడ్డలోంచి చుక్క కూడా దిగదు. ఇది ఫ్రిజ్‌లో వారం రోజులు నిలుస్తుంది, వాసన మారితే పారేయండి. శనగగింజంత తీసుకుని అరచేతుల్లో రుద్ది, తడి జుట్టు మీద పైపైన రాయాలి. ఎక్కువైతే ఆరాక తెల్లని పొట్టులా రాలుతుంది, చూసినవారు చుండ్రు అనుకుంటారు.

పొద్దున గుడ్డ విప్పాక దువ్వెన జోలికి వెళ్ళకుండా వేళ్ళతోనే సర్దుకోండి. ఎక్కడైనా పాయ నిలబడితే చెయ్యి తడి చేసుకుని ఆ ఒక్క చోట అద్ది, టిఫిను తినేంతసేపు గుడ్డ కట్టి ఉంచితే అణుగుతుంది. ఇలా చేస్తే వారానికి రెండు మూడు తలస్నానాలతో సరిపోతుంది, మిగతా రాత్రులు పొడి జుట్టునే చుట్టి కట్టుకోవచ్చు. వానాకాలంలో, ముఖ్యంగా కృష్ణ ఒడ్డున ఉన్న మీ ఊళ్ళో, గాలిలోని తేమే జుట్టును తిరిగి తడుపుతుంది కనుక మధ్యాహ్నానికి ఈ అమరిక కొంత సడలుతుంది. అలాంటి రోజుల్లో జుట్టును విడిచి వదలకుండా పిన్నులతో బిగించడమే నయం.

హెల్మెట్ విషయంలో రాజీ పడవద్దు, దాని కింద జుట్టును కాపాడుకోవడమే చూడాలి. రాత్రి కట్టుకున్న శాటిన్ గుడ్డనో, అలాంటి పల్చని టోపీనో హెల్మెట్ కింద పెట్టుకోండి. ఇంటి దగ్గర పిన్నులు, క్లిప్పులు పెట్టుకోవద్దు. హెల్మెట్ కింద గట్టి క్లిప్పు ఉంటే గుచ్చుకుంటుంది, ప్రమాదం జరిగితే గాయం పెద్దదవుతుంది. ఆఫీసుకు చేరాక అద్దం ముందు రెండు నిమిషాల్లో అయిపోయే అమరిక ఒకటి చెబుతాను. పాపిడి దగ్గర నుంచి ఒక పాయ తీసి, నుదుటి అంచు వెంబడి కొత్త కొత్త జుట్టు కలుపుకుంటూ తాడులా మెలితిప్పుతూ చెవి వెనకకు తీసుకురండి. అక్కడ మెలి ఊడకుండా పిన్ను పెట్టాలి. పిన్నుకు వంకరగా ఉండే వైపు మాడుకు ఆనాలి, నున్నని వైపు పైకి ఉండాలి. మనలో చాలామంది దీన్ని తిరగేసి పెట్టి, పిన్ను జారుతోందని ఇంకో రెండు గుచ్చుతారు. రెండవ పక్క కూడా ఇలాగే చేసి, మెడ వెనక జుట్టును వదిలేయండి. ముఖం చుట్టూ జుట్టు కుదురుగా ఉంటే వెనక ఎలా ఉన్నా ఎవరూ పట్టించుకోరు. టిక్‌టాక్ పిన్నులు, వెడల్పాటి గుడ్డ హెయిర్‌బ్యాండ్ కూడా పనికొస్తాయి. చిన్న క్లచ్చర్ నడినెత్తి మీది జుట్టు వరకు పట్టుకుంటుంది. రబ్బరు బ్యాండ్ వేసి లాగి పిలక కట్టడం మాత్రం వద్దు. రోజూ అదే చోట లాగితే నుదుటి అంచున, కణతల దగ్గర జుట్టు కుదుళ్ళతో సహా ఊడి పల్చబడుతుంది. దువ్వెనలో పొట్టి పొట్టి ముక్కలు కాక, కుదురు దగ్గర నుంచి ఊడిన వెంట్రుకలు ఎక్కువగా వస్తున్నా, ఎక్కడైనా బిళ్ళలా జుట్టు లేకుండా పోయినా, అది అమరికకు సంబంధించినది కాదు, చర్మవైద్యులకు చూపించాలి.

పెళ్ళినాటికి మీ జుట్టు ఆరంగుళాల అటూ ఇటూగా ఉంటుంది. నడినెత్తి నుంచి మెడ దాకా అంతకంటే దూరం ఉంటుంది కనుక పై జుట్టు వెనక ముడిలోకి అందదు. కాబట్టి మూడు పాయల జడ కుదరదు. సవరం పెట్టి పూలజడ వేసుకోవచ్చు కదా అని మీ ఇంట్లో పెద్దవారు తప్పకుండా అంటారు. పూలజడ, జడగంటల బరువంతా సవరం కట్టిన చోట ఉన్న గుప్పెడు పొట్టి వెంట్రుకల మీద పడుతుంది, పెళ్ళి తంతు ముగిసేసరికి తల పగిలిపోయే నొప్పి వస్తుంది. పెళ్ళికూతురు మీ ఆడపడుచు కనుక పూలజడ ఆమెకే వదిలేయండి. తప్పదంటే, పెడతల మీద చెవి నుంచి చెవి దాకా మాడుకు ఆనించి సన్నని జడ ఒకటి అడ్డంగా అల్లి, తేలికపాటి సవరాన్ని ఆ జడకు పిన్నులతో పట్టించండి. అప్పుడు బరువు ఒక్క చోట కాక ఆ జడ పొడవునా పంచుకుంటుంది. మాడు లాగుతోందనిపించిన వెంటనే తీసేయాలి.

నా ఓటు మాత్రం ఇంకొక అలంకరణకు. ముందు రాత్రి తల చుట్టూ దువ్వి కట్టిన జుట్టును పొద్దున విప్పి, రెండు పక్కల నుంచీ మెలిపాయలు తీసుకువచ్చి పెడతల మధ్యలో ఒకదాని మీద ఒకటి దాటించి పిన్నులు పెట్టండి. మెడ దగ్గర మిగిలిన జుట్టును చిన్న చిన్న చుట్టలుగా తలకు ఆనించి బిగించండి. వాటి పైన మల్లెలూ కనకాంబరాలూ కలిపి దట్టంగా కట్టిన మాలను ఒక చెవి వెనక నుంచి రెండవ చెవి వెనక దాకా నెలవంకలా అమర్చితే లోపలి చుట్టలు, పిన్నులు, పొట్టి కొసలు ఏవీ కనిపించవు. మాల పెట్టేటప్పుడు పిన్ను పువ్వులోంచి కాక, పూలు కట్టిన దారపు ముడిలోంచి దూర్చాలి, లేకపోతే కాసేపటికి పూలు తెగి మాల జారుతుంది. మెడ దగ్గరి జుట్టును ఇప్పటి నుంచి కత్తిరిస్తూ రండి, కానీ పెళ్ళికి నెల రోజుల ముందు ఆపేయండి, ఆ చుట్టలు వేసుకోవడానికి కొంత పొడవు కావాలి. పెళ్ళికి రెండు వారాల ముందు ఒక ఆదివారం పూట, పూలు లేకుండా అయినా సరే, ఈ అలంకరణ ఒకసారి పూర్తిగా వేసుకుని సాయంత్రం దాకా ఉంచి చూడండి. ఎక్కడ పిన్ను గుచ్చుతోందో, ఎక్కడ పాయ జారుతోందో ఆ రోజే తెలిసిపోతుంది.